కొహారు వద్దన్న కత్తి

మహబూబ్బీకి అరబీ చదవడం వచ్చు, చదివింది అర్థం కాదు. మామా కబీరాకు అరబీ అర్థమవుతుంది, చదవడం రాదు. టీవీలో కనిపించే కొహారు అనే పిల్లకు వీళ్ళిద్దరి గొడవా పట్టదు. ఆ పిల్ల జపాను భాషలో నవ్వుతుంది, జపాను భాషలోనే ఏడుస్తుంది. ఈ ముగ్గురూ కలిసి సౌదీ రాస్ తనూరాలోని ఆ ఇంటి వెనక హాల్లో రోజూ పొద్దువాలే వేళ అసర్ నమాజయ్యాక ఓ గంట గడుపుతారు. ఇంట్లో మిగతావాళ్ళకు ఆ గంట ఒక వేళాకోళం. మహబూబ్బీకి మాత్రం రోజు మొత్తంలో తన గొంతు తనకు వినపడేది ఆ గంటలోనే.

మామా కబీరా అంటే ఇంటి పెద్దావిడ, యజమానురాలు నూఫ్‌కి తల్లి. పనికొచ్చిన ఆడవాళ్ళు యజమానురాలిని మామా అనీ, ఆమె తల్లిని మామా కబీరా అనీ పిలవడం అక్కడి వాడుక. ఆవిడకు అసలు పేరు ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

ఆ రోజు మహబూబ్బీ నూఫ్ భర్త, సారువారి తెల్లచొక్కా మీద గంజినీళ్ళు చిలకరించి ఇస్త్రీ పెట్టె ఆనించింది. పాదాలదాకా ఉండే చొక్కా అది. ఒక్కటి చేసేసరికి చెయ్యి లాగేస్తుంది. టీవీలో కొహారు బడిలో చివరి బెంచీ మీద కూర్చుని తన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. ఆ చేతిలోనే ఉంది తంటా అంతా. చచ్చిపోతూ తాత ఒక కత్తి ఇచ్చి పోయాడు. పట్టుకోగానే ఏడు తరాల సమురాయ్‌ల బలం అరచేతిలోకి ఎక్కి కూర్చుంది. కళ్ళెదుట ఎవరికైనా అన్యాయం జరిగితే చాలు, చెయ్యి ఎర్రగా కాలిపోతుంది. కత్తి దూస్తే తప్ప చల్లారదు. కొహారుకి కత్తీ వద్దు, బలమూ వద్దు. కిటికీ పక్క బెంచీలో కూర్చుని, మధ్యాహ్నం డబ్బా తిని, ఇంటికి పోయి పడుకుంటే చాలు. మహబూబ్బీకి ఆ పిల్ల నచ్చింది అందుకే. తనకూ పెద్ద కోరికలేం లేవు.

తెర కింద తెల్లని అరబీ అక్షరాలు వచ్చాయి. మామా కబీరా వెంటనే రిమోట్ నొక్కి బొమ్మను ఆపింది. ప్లాస్టిక్ కవరు తొడిగిన ఆ రిమోట్ ఎప్పుడూ ఆవిడ ఒళ్ళోనే ఉంటుంది. మనవలు అడిగినా ఇవ్వదు, కూతురు అడిగినా ఇవ్వదు.

"చదువు, బిడ్డా," అంది.

మహబూబ్బీ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, అక్షరాలు కూడబలుక్కుంది. తన ఊరు గాలివీడు మసీదులో హజ్రత్ బెత్తం పట్టుకుని నేర్పిన చదువు అది. అక్కడ ప్రతి అక్షరానికీ జబరో, జేరో, పేషో ఏదో ఒక గుర్తుండేది, చూసి పలకడమే. ఈ టీవీవాళ్ళు ఒక్క గుర్తూ పెట్టరు. తలకట్టులూ గుడులూ తీసేసి తెలుగు చదవమన్నట్టు ఉంటుంది. తోచిన గుర్తు తనే పెట్టుకుని చదువుతుంది. సగం తప్పుతుంది. ముసలావిడ ఆ తప్పుల్ని నోట్లో వేసుకుని, ఎండు ఖర్జూరం నానబెట్టినట్టు కాసేపు ఉంచి, సరైన మాట బయటికి తీస్తుంది. తీసిన తర్వాత "యా వీలీ!" అని గుండె బాదుకోవడమో, పళ్ళులేని నోటితో నవ్వడమో చేస్తుంది. ఆ ముఖం చూసి మహబూబ్బీ కథ గ్రహిస్తుంది. అర్థం అలా చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వస్తుంది.

మొదట్లో ఇంకా వింతగా ఉండేది. మనవరాలు, నూఫ్ కూతురు జూద్ ఉన్నన్నాళ్ళూ తనే అమ్మమ్మ పక్కన కూర్చుని ఈ అక్షరాలు చదివి వినిపించేదట. ఆ పిల్ల రియాద్‌లో కాలేజీకి పోయాక బొమ్మలు బొమ్మలుగానే మిగిలాయి. ఒకనాడు ఇస్త్రీ చేస్తూ మహబూబ్బీ అలవాటుకొద్దీ ఆ అక్షరాల్ని పైకి చదివింది. ముసలావిడ చటుక్కున తల తిప్పింది. అంతే. కానీ మహబూబ్బీకి అరబీ అక్షరమంటే ఖురాను అక్షరమే. తల కప్పుకుని, బిస్మిల్లా చెప్పుకుని, ఊపిరి సాగదీసి రాగం పెట్టి చదివేది. "పారిపో, ముసుగువాళ్ళొస్తున్నారు!" అని కొహారు స్నేహితురాలు అరిచిన కేకను ఆమె సూరాలాగా ఓదితే మామా కబీరా నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. ఈమె చాదస్తం అక్కడితో ఆగలేదు. బిస్కెట్ల కాగితం మీదా, సబ్బు డబ్బా మీదా అరబీ ఉందని చెత్తబుట్టలోంచి ఏరి, కళ్ళకద్దుకుని, సంచీలో దాచేది. ఆ సంచీ బయటపడ్డ రోజు ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. మామా కబీరా ఒక్కతే నవ్వలేదు.

"లా ఉరీద్," అని చదివింది మహబూబ్బీ ఇప్పుడు. ఈ మాట గుర్తులు లేకుండానే చదవగలదు; కొహారు దినానికి పదిసార్లు అంటుంది. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ అనరు. ఏమిటని ఒకసారి అడిగితే ముసలావిడ ముందున్న పళ్ళేన్ని చేత్తో అవతలికి నెట్టి చూపించింది. నాకొద్దు అని. పుస్తకాల అరబీలో అలా అంటారట. తమాషా ఏమంటే, కొహారు ఆ మాట అన్నదంటే మరుక్షణం కత్తి దూస్తుందని లెక్క. వద్దు వద్దంటూనే ఎవరో ఒకరిని కాపాడి పారేస్తుంది.

అనుకున్నట్టే కొహారు తొడ కింది చేతిని బయటికి తీసింది. మహబూబ్బీ ఇస్త్రీ పెట్టె ఎత్తింది. చొక్కా చల్లారిపోయి ఉంది.

నూఫ్ చెడ్డ మనిషి కాదు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. జీతం ఆపదు, చెయ్యెత్తదు, తను తిన్నదే పెడుతుంది. బడిలో పెద్ద ఉద్యోగం, సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ "ఎలా ఉన్నావు మహబూబా?" అని అడిగి జవాబు వచ్చేలోగా లోపలికి వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రం మహబూబ్బీ ఆమె వెనకే వంటింట్లోకి నడిచింది. చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"మామా, ఖురూజ్," అంది, ఇంటిపనుల్లో పట్టుబడ్డ అరబీ ముక్కలు పోగేసుకుని. ఊరికి పోయి రావడానికి అనుమతి. యజమానులు ఫోన్లో నొక్కి ఇవ్వాలి; వాళ్ళు నొక్కితే విమానం, నొక్కకపోతే ఇల్లు. "రెండేళ్ళకు పంపిస్తానన్నారు. రెండేళ్ళు దాటింది. ఇప్పుడు నా బిడ్డకు సెలవులు."

నూఫ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు వెళ్ళాలి. తప్పకుండా వెళ్ళాలి. కానీ ఇప్పుడెలా? జూద్ రియాద్ పోయినప్పుడు మా అమ్మ అన్నం మానేసింది, చూశావుగా. నువ్వు చదవడం మొదలుపెట్టాకే మళ్ళీ మనిషైంది. నువ్వు లేకపోతే ఆవిణ్ణి ఎవరు చూస్తారు? జూలైలో నాకు సెలవులొస్తాయి. అప్పుడు నేనింట్లో ఉంటాను, నువ్వు వెళ్ళు."

"జూలైకి హాస్టలు తెరిచేస్తారు, మామా."

"అల్లా మేలు చేస్తాడు," అంది నూఫ్. అంటూనే ఫ్రిజ్ మీదున్న అత్తరు సీసా ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది. సగం వాడిందే, కానీ మంచిది. మహబూబ్బీ షుక్రన్ అంది. అనకపోతే బాగుండదు కదా.

మంచికి పోతే చెడు ఎదురైనట్టుంది ఆమెకు. మునుపున్న ఇంట్లో తన ఖర్మాన తాను నోరు మూసుకుని పనిచేసింది, రెండేళ్ళు కాగానే పంపించేశారు. ఇక్కడ ఎవరూ అడక్కుండానే నోరు తెరిచి చదివింది. ఇప్పుడా నోరే కాళ్ళకు అడ్డం పడింది. అత్తరు సీసాను గదిలో దిండు పక్కన పడేసింది. మూత సరిగా లేదేమో, వాసన గదంతా పట్టి ఊపిరాడనివ్వలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఖాలిదా. హాస్టల్లో పిల్లలకు ఫోను ఇచ్చే రోజు.

"మా, సెలవులు ఇచ్చేస్తాండారు," అంది పిల్ల. గొంతు మారిపోయింది. ఎవరి గొంతో అనిపించి మహబూబ్బీ ఒక్క క్షణం తడబడింది. "ఎవరొచ్చి పిల్చకపోతారో పేరు చెప్పమంటాంది వార్డెన్ మేడమ్. చిన్నమ్మ పేరు చెప్పాల్నా, నీ పేరు చెప్పాల్నా?"

"చిన్నమ్మ బాగనే చూసుకుంటాది గదమ్మా."

"బాగనే చూసుకుంటాది. నేనడిగింది అది కాదు." కాస్త ఆగి, "పోయినేడు గూడా వస్తా అనే అంటివి. అందురూ వాళ్ళమ్మల పేర్లు చెప్పినారు. నువ్వు రాకుంటే రానని చెప్పు మా, నేనేం ఏడ్సను."

ఏడవననే బిడ్డ ఎంత ఏడ్చి ఆ మాట అంటుందో తల్లికి తెలియదా! మహబూబ్బీకి కుడిచెయ్యి సలసలమంది. పొద్దుటినుంచి ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి కనుక సలపడంలో వింతేమీ లేదు.

"నా పేరే చెప్పు," అంది.

"నిజంగానా?"

"నా పేరే చెప్పు, ఖాలిదా. నేనే వస్తాండా."

ఫోను పెట్టేశాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. ఖురూజ్ లేదు, టికెట్ లేదు, దారి లేదు. నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

మర్నాడు దావూద్ కూరగాయల పెట్టెలు వెనక తలుపు దగ్గర దించాడు. ఆ ఇంటి డ్రైవరు అతను, ప్రొద్దుటూరు మనిషి. కూరగాయలు అందించే ఆ కాస్త సేపే మహబూబ్బీకి తెలుగు. అందుకే టమాటాలు ఒక్కొక్కటే ఏరి తీస్తుంది, అందులో చూడాల్సిందేమీ లేకపోయినా.

"ఏమక్కా, ముఖం అట్ల పెట్టుకోనుండావు?"

చెప్పింది. దావూద్ వింటూ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ముసలామె బొమ్మల కథ కోసరం నిన్ను పట్టుకోనుండారా? కత్తి పట్టుకోనుండే ఇస్కూలు పిల్ల, అదేనా?"

"అదే. కొహారు."

"మా రూములో తబ్రేజ్ దినామూ చూసేది అదే గదక్కా! ఆ పిల్ల అరబీలోనే మాట్లాడతాంది."

"యాడ? అది మాట్లాడేది జపాను. కింద అరబీ రాతలొస్తాయి, నేను చదవతా."

"రాతలెందుకు? రిమోట్‌లో బటన్ ఉంటాది. నొక్కితే భాష మారతాది. తబ్రేజ్ యెమెనోళ్ళ దగ్గర పనిచేసినాడు, వానికి అరబీ నీళ్ళు తాగినట్లు. జపాను పెట్టుకోని వాడేం చేసుకుంటాడు?" దావూద్ పెట్టె మీద కూర్చున్నాడు. "ఒక్క బటన్ అక్కా. పోయి మేడమ్‌కు చూపించు. ముసలామెకు నువ్వు చదివే పని ల్యా. రేపే ఖురూజ్ కొడతాది."

టమాటా చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తను చెమటలు కక్కుతూ కూడబలికిన కథ ఒక్క బటన్ కింద దాక్కుని ఉందన్నమాట! నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. కోపం తగ్గాక మిగిలింది మాత్రం ఒక పిరికి దిగులు. మేడమ్‌కి చూపించడం ఎంతసేపు? చూపిస్తే తను ఊరికి పోతుంది. ముసలావిడ గంట కూడా పోతుంది. ఆవిడతోపాటు తన గంటా పోతుంది. తిరిగొచ్చినా ఆ పెద్ద హాల్లో ఇస్త్రీ బల్ల ఒకవైపు, టీవీ ఒకవైపు, మాటా పలుకూ లేకుండా. తన బిడ్డ దగ్గరికి పోవడానికి ఇంతగా ఆలోచిస్తున్నందుకు మహబూబ్బీ తనను తానే తిట్టుకుంది.

"చూపిస్తా లే," అంది దావూద్‌తో.

కానీ మేడమ్ దగ్గరికి పోలేదు. ముసలావిడకు తెలియకుండా ఆవిడ కూతురికి చెప్పడం వెన్నుపోటు అనిపించింది. చూపిస్తే ముందు ఆవిడకే చూపించాలి.

అసర్ వేళ మామా కబీరా వజూకు, నమాజు ముందు మొహమూ చేతులూ కడుక్కోవడానికి లేచింది. అప్పుడు మాత్రమే రిమోట్ కుర్చీ చేతి మీద ఉంటుంది. మహబూబ్బీ ఇస్త్రీ పెట్టె ప్లగ్ కూడా పెట్టలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి నీళ్ళ చప్పుడు వింటూ బటన్లు వెతికింది. దావూద్ చెప్పిన చోట ఒకటుంది. నొక్కింది. భాషల పేర్లు వరసగా వచ్చాయి. అరబీ పేరు చదవగలదు కదా, దాన్ని నొక్కింది.

కొహారు అరబీలో మాట్లాడింది. గడగడా, తప్పుల్లేకుండా, వార్తలు చదివే ఆడమనిషిలా. మహబూబ్బీకి ఆ పిల్ల పరాయిది అయిపోయినట్టనిపించింది.

నీళ్ళ చప్పుడు ఎప్పుడు ఆగిందో చూసుకోలేదు. మామా కబీరా గుమ్మంలో నిలబడి ఉంది. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నెమ్మదిగా వచ్చి రిమోట్ తీసుకుంది. దానివైపు చూడనైనా చూడలేదు. బొటనవేలు ఆ బటన్ మీదికి నేరుగా పోయింది. మళ్ళీ జపాను వచ్చింది, కింద తెల్లని అక్షరాలు వచ్చాయి. కొహారు గొంతు మళ్ళీ కొహారుదైంది.

"నాకు తెలుసు," అంది ముసలావిడ. "జూద్ ఎప్పుడో చూపించింది."

మహబూబ్బీ కొంగు తలమీదికి లాక్కుంది.

"ఆ గొంతు పెట్టెలోంచి వస్తుంది." ఆవిడ కుర్చీలో కూర్చుని పక్కనున్న బల్లను చేత్తో తట్టింది. "నీ గొంతు ఇక్కణ్ణుంచి వస్తుంది."

ఆవిడ బొమ్మను ఆపింది.

"ఎందుకు నొక్కావు?" అని అడిగింది తర్వాత.

అబద్ధం చెప్పడానికి చాలినంత అరబీ మహబూబ్బీకి రాదు. "బింతీ," అంది. నా కూతురు. "మద్రసా. సెలవు." నేలకు అరచెయ్యి ఆనించి, నడుము దాకా ఎత్తింది: తను వచ్చేటప్పటికి ఇంత. అక్కణ్ణుంచి తన భుజం దాకా ఎత్తింది: ఇప్పుడు ఇంత. ఆ చేతిని దింపుకోవడం తెలియక అలాగే ఉంచింది.

"పేరేమిటి?"

"ఖాలిదా."

"ఖాలిదా," అంది ముసలావిడ. గొంతు లోపలినుంచి తీసి ఖ పలికేసరికి ఆ పేరు మహబూబ్బీ ఎప్పుడూ విననంత పెద్దగా వినిపించింది. "నూఫ్‌ని అడిగావా?"

"మామా కబీరాకు చదవాలి, అంది."

ఆవిడ తస్బీ పూసల్ని వేళ్ళకు చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. నమాజు చదువుకుని వచ్చి, "చదువు," అంది.

మహబూబ్బీ చదివింది. కొహారు స్నేహితురాలిని ముసుగువాళ్ళు వంతెన మీద పట్టుకున్నారు. కత్తిని వంతెన కింద నీళ్ళలో పారేస్తే పిల్లను వదులుతామంటున్నారు. పారేస్తే కొహారుకి కత్తి పీడ విరగడ. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. పిల్ల నీళ్ళవైపు చూసింది, కత్తివైపు చూసింది, అక్కడితో ఆ భాగం అయిపోయింది. ఇక ఒక్కటే భాగం మిగిలింది. మహబూబ్బీ ఆ రోజు అన్నీ తప్పులే చదివింది. ముసలావిడ ఒక్కటీ దిద్దలేదు.

శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజయ్యాక అందరూ భోజనానికి చేరారు. నేలమీద సుప్రా గుడ్డ పరిచి, నడుమ మాంసం అన్నం పళ్ళెం పెట్టి చుట్టూ కూర్చున్నారు. నూఫ్, ఆమె భర్త, ఇద్దరు మగపిల్లలు. మామా కబీరా గోడ పక్క దిండుకు ఆనుకుని ఉంది. మహబూబ్బీ దోసకాయ ముక్కల గిన్నె పట్టుకుని వంగింది.

"నూఫ్," అంది ముసలావిడ ఉన్నట్టుండి. "ఆ టీవీలో అరబీ గొంతు పెట్టు. పెట్టవచ్చట కదా."

నూఫ్ చెయ్యి అన్నంలో ఆగింది. "నీకు మహబూబా చదువుతుంది కదమ్మా. నీకు అదే ఇష్టమన్నావు."

"ఏం చదువు అది? ఒక్క మాట సరిగా ఉండదు. మేకపిల్లను పట్టుకుని లాగినట్టు లాగుతుంది. ఒక బొమ్మకు పది ఆపడాలు. నా తల పగిలిపోతోంది దానితో. నన్ను ఊరుకోనివ్వదు, అదొక పీడ." ఇంకా ఏవేవో అంది, సగం మహబూబ్బీకి అర్థం కాలేదు. పెద్ద పిల్లాడు ఖురాను రాగంలో ఆమెను వెక్కిరించాడు. చిన్నవాడు కిలకిలా నవ్వాడు.

మహబూబ్బీ చేతిలో గిన్నె బరువెక్కింది. మొన్ననే కదా పక్కన బల్లను తట్టి నీ గొంతు ఇక్కణ్ణుంచి వస్తుందన్నది! వాళ్ళు వాళ్ళే, మనం మనమే అని ఊళ్ళో షమీమ్ అత్త చెప్పి పంపిస్తే వినిపించుకోలేదు. బటన్ నొక్కినందుకు ఈ శిక్షా? అంత పెద్దమనిషి నలుగురిలో ఇంత మాట అంటుందా? గిన్నె అక్కడ పెట్టేసి వంటింట్లోకి పోదామనుకుంది.

"సరే, పెడతాలే," అంటోంది నూఫ్. "కానీ మహబూబా పక్కన ఉంటుంది కదా నీకు తోడుగా."

"లా ఉరీద్," అంది ముసలావిడ. చెయ్యెత్తి, ముందున్న పళ్ళేన్ని అవతలికి నెట్టింది. "లా ఉరీద్."

నూఫ్ భర్త పకపకా నవ్వాడు. "ఈ పుస్తకాల భాష ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు, అత్తా?"

మహబూబ్బీ కదలకుండా నిలబడిపోయింది. ఆ మాట ఎక్కడిదో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. కొహారు ఆ మాట ఎప్పుడు అంటుందో, అన్న మరుక్షణం ఏం చేస్తుందో అదీ ఆ ఇద్దరికే తెలుసు. ముసలావిడ ఆమెవైపు చూడటం లేదు. పళ్ళేన్ని నెట్టిన కుడిచేతిని తెచ్చుకుని, తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంది.

"పంపించెయ్ దాన్ని ఊరికి," అంది గోడవైపు చూస్తూ. "పోనీ, కొన్నాళ్ళు నా చెవులకు హాయి."

నూఫ్ భుజాలెగరేసింది. ఎడంచేత్తో ఫోను తీసింది. ఒకచోట నొక్కింది, ఇంకోచోట నొక్కింది, వేలిముద్ర పెట్టింది. అన్నం పళ్ళెంలోంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది. అంత తేలికైన పని అది. "ఖలాస్, మహబూబా. ఖురూజ్ వచ్చేసింది. సంతోషమేనా?"

సంతోషమే. మహబూబ్బీ గిన్నె నేలమీద పెట్టి, వంటింట్లోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి ఏడ్చింది. ఆ ఏడుపులో ఖాలిదా ఎంత ఉందో మామా కబీరా ఎంత ఉందో ఆమెకే తెలియదు.

ఆ తర్వాత హాల్లో అరబీ గొంతే వినిపించింది. ముసలావిడ శబ్దం బాగా పెంచి, ఇల్లంతా వినపడేలా పెట్టుకుంది. అన్నీ పాత భాగాలే మళ్ళీ మొదటినుంచి చూస్తోంది. మహబూబ్బీ ఇస్త్రీ బల్లను నూఫ్ తన గదిలోకి మార్పించింది. రెండుసార్లు కాఫీ పట్టుకెళ్ళినప్పుడు మహబూబ్బీ కావాలని ఆలస్యం చేసింది. ఆవిడ ఖర్జూరం గింజ తీస్తూ కూర్చుందే తప్ప తలెత్తలేదు. తలెత్తితే చేసిన పని చెడిపోతుందని ఇద్దరికీ తెలుసు. నూఫ్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ప్రయాణం రోజు అసర్ అయ్యాక దావూద్ కారు వెనక సందులోకి తెచ్చి పెట్టెలు ఎక్కించాడు. దమ్మామ్ విమానాశ్రయానికి గంట దారి. మహబూబ్బీ బురఖా సర్దుకుని హాల్లోకి వెళ్ళింది. చివరి భాగం నడుస్తోంది. వంతెన మీద కొహారు అరబీలో గడగడా ఏదో చెబుతోంది. నూఫ్ సోఫాలో ఫోను చూసుకుంటూ కూర్చుంది.

మహబూబ్బీ ముసలావిడ ముందు వంగి నెత్తిన ముద్దు పెట్టుకుంది. తలకు రాసుకున్న నూనె వాసన వేసింది.

"మామా కబీరా, నన్ను క్షమించాలి. నేను సరిగా చదవలేదు," అంది తనకొచ్చిన ముక్కల అరబీలో.

ముసలావిడ కుర్చీ పక్కనున్న ఖర్జూరం డబ్బా తీసి ఆమె చేతుల్లోకి తోసింది. "ఖాలిదాకి," అంది. తర్వాత గొంతు గట్టి చేసుకుని, "రూహీ, రూహీ, ఇక వెళ్ళు. విమానం నీకోసం ఆగదు," అని టీవీవైపు తిరిగిపోయింది.

డబ్బా మీద నిండా అరబీ అక్షరాలు. మహబూబ్బీ వాటిని కళ్ళకద్దుకుంది. ఈసారి నూఫ్ కూడా నవ్వలేదు. ఆమెను వాకిలిదాకా సాగనంపి, కౌగిలించుకుని, "త్వరగా రా," అని మేడ మీదికి వెళ్ళిపోయింది.

వెనక సందులో ఎండ ఇంకా మండుతోంది. దావూద్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. హాలు కిటికీ ఆ సందువైపే. టీవీ చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. మహబూబ్బీ ఒక కాలు కారులో పెట్టింది. కిటికీలోంచి వస్తున్న అరబీ గొంతు టక్కున ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత జపాను మొదలైంది.

ఆ గొంతు ఎన్ని గొంతుల్లోనైనా గుర్తుపడుతుంది మహబూబ్బీ. కొహారు ఏదో అంది. అక్కడ బొమ్మ ఆగింది, తెర కింద అక్షరాలు వచ్చినప్పుడు ఆపినట్టే. చాలాసేపటిదాకా కదల్లేదు. మళ్ళీ నడిచింది. కొహారు ఇంకో మాట అంది. మళ్ళీ ఆగింది.

"ఏమక్కా, ఏమన్నా మర్చిపోతివా?" అన్నాడు దావూద్.

మహబూబ్బీ డబ్బాను రెండు చేతులతో పొట్టకు హత్తుకుని కిటికీవైపు చూస్తూ నిలబడింది. చదవడానికి అక్కడ ఎవరూ లేరు. చదివే మనిషి ఇక్కడ కారు పక్కన ఉంది, బిడ్డకు ఇచ్చిన మాటతో.

"లేదు," అంది. "పోదాం పా."

కారు సందు మలుపు తిరిగేదాకా కిటికీ అద్దం దింపే ఉంచింది.